సహకరించని ఓడను రాడార్‌తో చిత్రించడం ఎలా: ఐసార్ పద్ధతి

రాత్రివేళ తీరానికి ఇరవై కిలోమీటర్ల దూరంలో ఒక ఓడ వస్తోందనుకోండి. మామూలు రాడార్ తెరపై అది ఒక చుక్క. అది సరుకు ఓడో, చమురు ఓడో, యుద్ధనౌకో ఆ చుక్కను చూసి చెప్పలేము. చీకట్లో, పొగమంచులో కెమెరా పనికిరాదు. ఆ ఒక్క చుక్కను విప్పి, ఓడ ముందుకొన ఎక్కడుందో, మాస్ట్ అనే నిలువు స్తంభం ఎక్కడుందో, పైకట్టడం ఏ ఆకారంలో ఉందో చూపించే పద్ధతే ఇన్వర్స్ సింథటిక్ అపెర్చర్ రాడార్. వాడుకలో దీన్ని ఐసార్ అంటారు. భారత నౌకాదళం 2013 నుంచి అరక్కోణంలోని ఐఎన్ఎస్ రాజాలి నుంచి నడుపుతున్న పీ-8ఐ గస్తీ విమానాల రాడార్‌లో ఈ సదుపాయం ఉంది. జర్మనీలోని వాక్ట్‌బర్గ్‌లో ఫ్రౌన్‌హోఫర్ సంస్థ నడిపే 34 మీటర్ల టీరా రాడార్, 2018లో భూమి మీదికి పడిపోతున్న చైనా అంతరిక్ష కేంద్రం తియాంగాంగ్-1ను చిత్రించింది కూడా ఈ సూత్రంతోనే.

సహకరించని లక్ష్యం అంటే శత్రు లక్ష్యం అని మాత్రమే అర్థం కాదు. తాను ఎటు, ఎంత వేగంతో, ఎలా ఊగుతూ కదులుతోందో మనకు చెప్పని ప్రతి లక్ష్యమూ ఈ మాట కిందికి వస్తుంది. ఈ పని మొత్తానికి ఇరుసు ఒక్కటే: లక్ష్యపు కదలికలో రెండు భాగాలుంటాయి. ఓడ మొత్తంగా ముందుకు జరగడం మనకు అడ్డు, దాన్ని పూర్తిగా తీసివేయాలి. ఓడ తన అక్షం చుట్టూ తిరగడం, ఊగడం మనకు ఆధారం, దాన్ని చెదరకుండా కాపాడుకోవాలి. మొదటి భాగాన్ని తీసివేసే తొందరలో రెండో భాగానికి హాని జరగకుండా చూసుకోవడమే ఇందులోని నేర్పు.

సిగ్నల్ ప్రాసెసింగ్ కొంత తెలిసి, రాడార్‌ను కొత్తగా చేపట్టిన విద్యార్థులను, ఇంజినీర్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. మన కోస్తా బెస్తలు పడవ ముందుకొనను అణియం అనీ, వెనుకకొనను అమరం అనీ అంటారు. ఇంతకంటే తేటైన మాటలు లేవు కాబట్టి ఇక్కడ కూడా అవే వాడుతున్నాను.

మొదటి అడుగు: కాగితం మీద లెక్క

కోడ్ తెరవకముందే మూడు సంఖ్యలు రాసుకోండి. రేంజ్ దిశలో, అంటే రాడార్ నుంచి దూరం కొలిచే దిశలో, రెండు బిందువులను విడదీయగల కనీస దూరం కాంతివేగాన్ని బ్యాండ్‌విడ్త్‌కు రెట్టింపుతో భాగిస్తే వస్తుంది. 150 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌కు అది ఒక మీటరు. దానికి అడ్డంగా ఉండే దిశలో, అంటే క్రాస్‌రేంజ్‌లో, తరంగదైర్ఘ్యాన్ని లక్ష్యం తిరిగిన కోణానికి రెట్టింపుతో భాగించాలి. కోణాన్ని రేడియన్లలో తీసుకోవాలి. 10 గిగాహెర్ట్జ్ రాడార్‌కు తరంగదైర్ఘ్యం 3 సెంటీమీటర్లు కాబట్టి, లక్ష్యం 1.5 డిగ్రీలు తిరిగితే సుమారు 57 సెంటీమీటర్ల వివరం దొరుకుతుంది. ఈ రెండో సూత్రంలో దూరమన్నది లేదని గమనించండి. సిగ్నల్ బలం చాలినంత ఉంటే ఇరవై కిలోమీటర్ల దూరంలోని ఓడకూ, వేయి కిలోమీటర్ల దూరంలోని ఉపగ్రహానికీ ఒకే స్థాయి వివరం వస్తుంది.

మూడో సంఖ్య సెకనుకు పంపవలసిన పల్స్‌ల లెక్క. ఈ వ్యాసమంతటా ఒకే ఉదాహరణను వెంటబెట్టుకుని వెళదాం: 120 మీటర్ల ఓడ, అణియాన్ని మన వైపు పెట్టి 15 నాట్ల వేగంతో, అంటే సెకనుకు 7.7 మీటర్లతో వస్తోంది. అలలకు అణియం పైకి లేస్తూ కిందికి దిగుతూ, అటూ ఇటూ 1.5 డిగ్రీల చొప్పున, ఆరు సెకన్లకు ఒక ఊపుతో ఊగుతోంది. ఊపు మధ్యలో కోణవేగం సెకనుకు 0.027 రేడియన్లకు చేరుతుంది. ఊగే అక్షానికి 25 మీటర్ల ఎత్తున ఉన్న మాస్ట్ కొన అప్పుడు సెకనుకు దాదాపు 0.69 మీటర్ల వేగంతో మన వైపు వంగుతుంది. దాని డాప్లర్, అంటే ఆ వేగం వల్ల ప్రతిధ్వని ఫ్రీక్వెన్సీలో వచ్చే మార్పు, 46 హెర్ట్జ్. అక్షం నుంచి వేర్వేరు ఎత్తుల్లో ఉన్న బిందువులకు వేర్వేరు డాప్లర్ వస్తుంది, చిత్రంలో వాటిని విడదీసేది ఆ తేడాయే. ఊపు రెండు వైపులా ఉంటుంది కాబట్టి కనీసం సెకనుకు వంద పల్స్‌లు కావాలి. ఓడ ముందుకు వచ్చే వేగం వల్ల దీనికి మరో 514 హెర్ట్జ్ కలుస్తుంది. సెకనుకు 1000 పల్స్‌లు పెట్టుకుంటే ఈ 514 హెర్ట్జ్ మడతపడి వేరేచోట కనబడుతుంది గానీ, తర్వాత ఆ కదలికను ఎలాగూ తీసివేస్తాం కాబట్టి ఇబ్బంది ఉండదు. పైగా 150 కిలోమీటర్ల వరకు తర్వాతి పల్స్ వెళ్లేలోపే ప్రతిధ్వని తిరిగి వస్తుంది కాబట్టి దూరంలో సందిగ్ధత రాదు.

రెండో అడుగు: స్టూలు మీద సాధన

నేరుగా సముద్రం మీదికి వెళ్లకండి. 77 నుంచి 81 గిగాహెర్ట్జ్ మధ్య పనిచేసే చిన్న రాడార్ బోర్డులు ఇప్పుడు విద్యార్థులకూ అందుబాటులో ఉన్నాయి. వాడేముందు మీ దేశంలో ఆ తరంగాలకు అనుమతి ఉందో లేదో తప్పక చూసుకోండి. మూడు అట్టముక్కలను ఒకదానికొకటి లంబంగా మూలలా అతికించి, లోపలివైపు వంటింటి అల్యూమినియం రేకు అంటించండి. ఇలాంటి మూలలను అయిదింటిని చేసి, తిరిగే స్టూలు మీద అమర్చండి. స్టూలు వ్యాసం అర మీటరు, పది సెకన్లకు ఒక చుట్టు అనుకుంటే, అంచున ఉన్న మూల డాప్లర్ 83 హెర్ట్జ్ ఉంటుంది. మూడు డిగ్రీలు తిరగడానికి 83 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ వ్యవధిలో క్రాస్‌రేంజ్ వివరం 3.6 సెంటీమీటర్లు, 4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌తో రేంజ్ వివరం 3.75 సెంటీమీటర్లు, రెండూ చక్కగా సరిపోతాయి.

అయిదు మూలలను సౌష్ఠవం లేకుండా అమర్చండి. నేను నేర్చుకునే రోజుల్లో వాటిని అందంగా, సమానంగా పెట్టాను. రిసీవర్‌లో సిగ్నల్‌ను సంకీర్ణ సంఖ్యలోని రెండు భాగాలుగా అందించే ఐ, క్యూ మార్గాలు తారుమారైన సంగతి దానివల్ల నాకు కనబడలేదు. చిత్రం అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి ఉన్నా సరిగ్గానే ఉన్నట్టు తోచింది. అసలు వస్తువు మీదికి వెళ్లాక కుడి ఎడమలు మారిపోయి, తప్పును కోడ్‌లో మూడు రోజులు వెతికాను. ఒక పక్క మూడు మూలలు, మరో పక్క రెండు పెట్టి ఉంటే అది మొదటి నిమిషంలోనే బయటపడేది.

స్టూలు చిత్రం కుదిరాక, స్టూలును చక్రాల బండి మీద పెట్టి మరొకరిచేత మెల్లగా లాగించండి. స్థిరంగా తిరిగే స్టూలులో తీసివేయవలసిన కదలికే లేదు. బండి కదలగానే చిత్రం పూర్తిగా చెదిరిపోతుంది. దాన్ని మళ్లీ నిలబెట్టడమే నాలుగో, అయిదో అడుగుల పని.

మూడో అడుగు: డేటా సేకరణ, రేంజ్ కుదింపు

గాలింపు కోసం గుండ్రంగా తిరిగే యాంటెన్నా ఓడను క్షణకాలమే చూస్తుంది. ఐసార్‌కు యాంటెన్నా ఓడ మీదే నిలబడి, కనీసం ఇరవై సెకన్లు వదలకుండా వెంబడించాలి. ప్రతి పల్స్ ప్రతిధ్వనిని ఫేజ్‌తో, అంటే తరంగం తన చుట్టులో ఎక్కడుందో చెప్పే కోణంతో సహా సంకీర్ణ సంఖ్యలుగా దాచండి. ఆంప్లిట్యూడ్ మాత్రం దాచి ఫేజ్ పారేసిన రికార్డు నుంచి చిత్రం ఏ విధంగానూ రాదు.

150 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్‌ను నేరుగా నమూనా తీయడం భారమైతే స్ట్రెచ్ ప్రాసెసింగ్ వాడండి. 10 మైక్రోసెకన్ల చిర్ప్‌ను, అంటే ఫ్రీక్వెన్సీ క్రమంగా మారే పల్స్‌ను పంపి, వచ్చిన ప్రతిధ్వనిని అదే చిర్ప్ నకలుతో కలిపితే, దూరం కాస్తా తక్కువ ఫ్రీక్వెన్సీగా మారుతుంది. ఓడ చుట్టూ 200 మీటర్ల కిటికీ చాలనుకుంటే ఆ ఫ్రీక్వెన్సీలన్నీ 20 మెగాహెర్ట్జ్ లోపే ఇమిడిపోతాయి. దాని మీద, సిగ్నల్‌ను ఫ్రీక్వెన్సీలుగా విడదీసే ఎఫ్‌ఎఫ్‌టీ చేస్తే ఆ పల్స్ రేంజ్ ప్రొఫైల్, అంటే ఏ దూరం నుంచి ఎంత ప్రతిధ్వని వచ్చిందో చూపే వరుస, వస్తుంది. ఆ వరుసలో ఒక్కో గడి ఒక మీటరు. ప్రొఫైల్‌లను ఒకదాని కింద ఒకటి పేర్చి, ఆంప్లిట్యూడ్‌ను బొమ్మగా గీసి చూడండి. ఏటవాలుగా సాగే చారలు కనబడతాయి. మన ఉదాహరణలో అవి అర సెకనుకు దాదాపు నాలుగు గడులు జరుగుతాయి. ఆ వాలే ఓడ వేగం.

నాలుగో అడుగు: ప్రొఫైల్‌లను వరుసలో నిలపడం

ఏటవాలు చారలను నిటారుగా చేయాలి. ప్రతి ప్రొఫైల్‌ను ముందున్న వాటితో పోల్చి, రెండూ ఎంత పోలి ఉన్నాయో చెప్పే కోరిలేషన్ ఎక్కువగా వచ్చే మేరకు జరపండి. చాలామంది పక్కనే ఉన్న పల్స్‌తో మాత్రమే పోలుస్తారు. అలా చేస్తే ఒక్కొక్క పోలికలోని చిన్న పొరపాటు పేరుకుపోయి, వందల పల్స్‌ల తర్వాత ఓడ తన చోటు వదిలి జారిపోతుంది. ఇప్పటికే సరిచేసిన ప్రొఫైల్‌ల సగటుతో పోల్చండి. గడిలో ఎనిమిదో వంతు వరకు చూడగలిగేలా ప్రొఫైల్‌ను సున్నాలతో నింపి ఎఫ్‌ఎఫ్‌టీ చేయండి.

దొరికిన జరుపుళ్లను కాలానికి ఎదురుగా గీయండి. వేల టన్నుల ఓడ ఒక పల్స్‌కూ మరో పల్స్‌కూ మధ్య ఎగిరి దూకలేదు. గీతలో మెట్టు కనబడితే అది ఓడ చేసిన పని కాదు, మీ కోరిలేషన్ ఒక బలమైన బిందువును వదిలి మరో బిందువును పట్టుకుంది. కాబట్టి జరుపుళ్లకు రెండో ఘాతం వక్రరేఖను అమర్చి, ఆ వక్రరేఖ చెప్పిన విలువలనే వాడండి.

అయిదో అడుగు: ఫేజ్ సరిచేయడం

చారలు నిటారుగా నిలిచాయని ఇక్కడే డాప్లర్ తీయబోతే ఏమీ రాదు. నాలుగో అడుగులో గడిలో ఎనిమిదో వంతు వరకే, అంటే పన్నెండు సెంటీమీటర్ల వరకే సరిచేశాం. ఫేజ్‌కు కావలసిన నిక్కచ్చితనం ఇంకా ఎంతో సన్నం: 3 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యంలో ఓడ ఒక్క మిల్లీమీటరు జరిగితే ఫేజ్ 24 డిగ్రీలు మారుతుంది. అర సెకనులో మన ఓడ ముందుకు వచ్చిన దూరానికి ఫేజ్ 257 పూర్తి చుట్లు తిరుగుతుంది. ఆ చుట్లన్నీ విప్పి, ఊపు వల్ల వచ్చిన చిన్న తేడాలను మాత్రం మిగల్చాలి.

సులువైన దారి ఒక బలమైన బిందువును నమ్ముకోవడం. ఏ రేంజ్ గడిలో ఆంప్లిట్యూడ్ పల్స్ నుంచి పల్స్‌కు దాదాపు మారకుండా నిలకడగా ఉందో వెతకండి. ఆ గడిలో ఒకే ఒక్క గట్టి బిందువు ఉందని అర్థం. దాని ఫేజ్‌ను ప్రతి పల్స్‌లోనూ సున్నా చేసే దిద్దుబాటును అన్ని గడులకూ వర్తింపజేస్తే, ఆ బిందువు చిత్రానికి ఇరుసవుతుంది. అలాంటి గడి దొరకని ఓడలూ ఉంటాయి. అప్పుడు అనేక గడుల నుంచి ఫేజ్ మార్పును కలిపి అంచనా వేసే ఫేజ్ గ్రేడియెంట్ పద్ధతి ఆదుకుంటుంది. 1980ల చివర అమెరికాలోని సాండియా ప్రయోగశాలలో రూపుదిద్దుకున్న ఈ పద్ధతి ఇప్పటికీ నమ్మదగినది. మూడో దారి, చిత్రంలో వెలుగు ఎంత చెల్లాచెదురుగా ఉందో చెప్పే కొలత, అంటే ఎంట్రోపీ, అతి తక్కువయ్యేలా దిద్దుబాటును వెతకడం. నేను మొదటి పద్ధతితో మొదలుపెట్టి, మూడో దానితో మెరుగుదిద్దుతాను.

ఎంట్రోపీని గుడ్డిగా నమ్మవద్దు. ఓడ ఊపు ఆగిన క్షణంలో బిందువులన్నీ ఒకే డాప్లర్ మీదికి చేరి చిత్రం ఒక గీతగా కూలిపోతుంది. ఆ గీతకు ఎంట్రోపీ చాలా తక్కువ. ప్రోగ్రామ్ దాన్ని అత్యుత్తమ చిత్రంగా ఎంచి మీ చేతిలో పెడుతుంది.

ఆరో అడుగు: క్షణాన్ని ఎంచుకోవడం

పుస్తకాలు ఫోకస్ సూత్రాలకు ఇచ్చినంత చోటు ఈ అడుగుకు ఇవ్వవు. నా మటుకు ఓడల చిత్రాల్లో సగం విజయం ఇక్కడే ఉంది. మంచి ఫోకస్ పద్ధతి కూడా చెడ్డ క్షణాన్ని బాగుచేయలేదు. మంచి క్షణం దొరికితే సాదా పద్ధతి కూడా చక్కని చిత్రాన్ని ఇస్తుంది.

మన ఓడ ఊపును దగ్గరగా చూడండి. అణియం కిందికి దిగుతున్నప్పుడు మాస్ట్ కొన మన వైపు వంగుతుంది, డాప్లర్ ధనాత్మకం, చిత్రంలో మాస్ట్ పైకి నిలుచుని కనబడుతుంది. అణియం అట్టడుగుకు చేరి ఒక్క క్షణం ఆగినప్పుడు కోణవేగం సున్నా అవుతుంది, మాస్ట్, పైకట్టడం, క్రేన్‌లు అన్నీ డెక్ గీతలోకి కూలిపోతాయి. తర్వాత అణియం లేస్తుంటే మాస్ట్ వెనక్కి వాలుతుంది, డాప్లర్ రుణాత్మకం, అదే ఓడ తలకిందులై వేలాడుతుంది. మూడు సెకన్లకొకసారి ఓడ ఇలా తిరగబడుతూ ఉండడాన్ని మొదటిసారి చూసినవారు తమ కోడ్ తప్పిందనుకుంటారు. అది తప్పు కాదు. ఆ తిరగబాటు లయను బట్టే ఓడ ఊపు కాలం తెలుస్తుంది.

ఎంతసేపు చూడాలి? ఎక్కువసేపు చూస్తే ఎక్కువ కోణం, ఎక్కువ వివరం అనిపించడం సహజం. లెక్క వేసి చూడండి. ఊపు మధ్యబిందువుకు అటూ ఇటూ కలిపి ఒక సెకను తీసుకుంటే కోణం 1.5 డిగ్రీలు, కాగితం మీద వివరం 57 సెంటీమీటర్లు. కానీ ఆ సెకనులో మాస్ట్ కొన డాప్లర్ 46 నుంచి 40 హెర్ట్జ్‌కు పడిపోతుంది. ఒక సెకను డేటా ఒక హెర్ట్జ్ తేడాను విడదీస్తుంది కాబట్టి మాస్ట్ ఆరు గడుల మేర అలుక్కుపోతుంది. అర సెకనే తీసుకుంటే మార్పు 1.6 హెర్ట్జ్, గడి వెడల్పు 2 హెర్ట్జ్. మాస్ట్ తన గడిలోనే నిలుస్తుంది. వివరం 1.1 మీటర్లకు తగ్గినా, ఒక మీటరు రేంజ్ వివరానికి అది సరిజోడు.

ఆచరణలో ఇలా చేయండి. ఇరవై సెకన్ల రికార్డు మీద అర సెకను కిటికీని కొద్దికొద్దిగా జరుపుతూ, ప్రతిచోటా నాలుగు, అయిదు అడుగులు జరిపి, డాప్లర్ వ్యాప్తి ఎంత వెడల్పుగా ఉందో, చిత్రపు కాంట్రాస్ట్ ఎంతో రాసుకోండి. రెండింటినీ కాలానికి ఎదురుగా గీస్తే అలల్లా లేచిపడే వక్రరేఖ వస్తుంది. వ్యాప్తి, కాంట్రాస్ట్ రెండూ ఎత్తుగా ఉన్న శిఖరాలను ఎంచుకుని, అక్కడ కిటికీ నిడివిని 0.3 నుంచి ఒక సెకను వరకు మార్చి చూడండి. కాంట్రాస్ట్ ఒక్కదాన్నే చూస్తే కూలిపోయిన గీత మళ్లీ గెలుస్తుంది.

ఏడో అడుగు: డాప్లర్ ఎఫ్‌ఎఫ్‌టీ

ఇక్కడ కొత్తేమీ లేదు. ఎంచుకున్న 500 పల్స్‌లకు, అంచుల్లోని పల్స్‌ల బరువు తగ్గించే హామింగ్ కిటికీ వేసి, 512కు నింపి, ప్రతి రేంజ్ గడిలోనూ ఎఫ్‌ఎఫ్‌టీ చేయండి. కిటికీ వేయకపోతే గట్టి బిందువుల పక్క తరంగాలు, అంటే వాటికి ఇరువైపులా లేచే నకిలీ శిఖరాలు, 13 డెసిబెల్‌ల దిగువనే నిలిచి నీరస బిందువులను మింగేస్తాయి. వేస్తే అవి 40 డెసిబెల్‌ల కిందికి దిగుతాయి, దానికి బదులుగా చిత్రం కొంచెం మొద్దుబారుతుంది. లాగరిథమిక్ కొలతలో, పై 30 డెసిబెల్‌ల వరకు చూపించండి. వేగంగా మలుపు తిరిగే చిన్న పడవకు అర సెకనులోనూ డాప్లర్ నిలకడగా ఉండదు, దానికి ఎఫ్‌ఎఫ్‌టీ బదులు ప్రతి క్షణపు ఫ్రీక్వెన్సీని విడిగా చూపే టైమ్-ఫ్రీక్వెన్సీ రూపాంతరాలు వాడాలి.

ఎనిమిదో అడుగు: చిత్రాన్ని చదవడం

ఇది ఫోటో కాదు. ఏ ఊపు ప్రధానమైందో దాన్ని బట్టి ఓడ ఏ వైపు నుంచి కనబడుతుందో మారుతుంది. అణియం మన వైపు ఉండి పైకీ కిందికీ ఊగితే పక్కనుంచి చూసిన రూపం వస్తుంది. ఓడ అడ్డంగా నిలిచి పక్కలకు ఒరుగుతుంటే ఎదురుగా చూసిన రూపం వస్తుంది, అందులో పొడవు కనబడదు. అణియం కుడిఎడమలకు తిరుగుతుంటే పైనుంచి చూసిన రూపం వస్తుంది. ఇవన్నీ కలిసినప్పుడు రూపం ఏటవాలుగా ఉంటుంది.

ఒక రేంజ్ గడిలో మాత్రమే డాప్లర్ దిశలో పొడవాటి గీత కనబడితే, ఓడ మీద తిరుగుతున్న దాని సొంత రాడార్ యాంటెన్నా కావచ్చు; దాన్ని ఎత్తైన మాస్ట్‌గా పొరబడకండి. ఓడ వెనుక శూన్యంలో బిందువులు తేలుతుంటే, తరంగాలు పైకట్టడం సందుల్లో పలుమార్లు తాకి ఆలస్యంగా తిరిగి వచ్చాయని అనుకోవాలి.

రేంజ్ అక్షం మీద మీటర్లు నమ్మదగినవి. ఓడ మన చూపుకు 30 డిగ్రీల వాలులో ఉంటే 120 మీటర్ల ఓడ 104 మీటర్లుగా కనబడుతుంది కాబట్టి, వెంబడింపులో తేలిన ప్రయాణ దిశ నుంచి ఆ కోణాన్ని తీసుకుని, కనబడిన పొడవును కోసైన్‌తో భాగించండి. పైకట్టడం అమరాన్ని మరుగుపరిచి ఉంటే అసలు పొడవు ఇంకా ఎక్కువ. డాప్లర్ అక్షాన్ని మీటర్లలోకి మార్చాలంటే కోణవేగం కావాలి, సహకరించని ఓడ దాన్ని చెప్పదు. కోణవేగం విడిగా అంచనా వేయలేనప్పుడు ఆ అక్షం మీద హెర్ట్జ్ అనే రాయండి. ఊహించిన కోణవేగంతో మీటర్లు రాసిపెడితే, చిత్రం చూసేవారు దాన్ని కొలతగా తీసుకుని మాస్ట్ ఎత్తు లెక్కిస్తారు.

తొమ్మిదో అడుగు: సరిచూసుకోవడం

సహకరించని లక్ష్యాలకు వెళ్లేముందు సహకరించే ఓడల మీద సాధన చేయాలి. అంతర్జాతీయ ప్రయాణాల్లో 300 గ్రాస్ టన్నేజీ, అంతకు మించిన ఓడలు ఏఐఎస్ పరికరంతో తమ స్థానాన్ని, దిశను, పొడవును ప్రసారం చేయాలన్నది నిబంధన. విశాఖపట్నం, కాకినాడ, కృష్ణపట్నం రేవులకు అలాంటి ఓడలు వస్తూ పోతూ ఉంటాయి. ఏఐఎస్ చూడకుండా మీ చిత్రం నుంచి పొడవు లెక్కించి, ఆ తర్వాతే ప్రసారమైన పొడవుతో పోల్చండి. ముందే చూస్తే మీ కన్ను ఆ సంఖ్యకే అణియాన్నీ అమరాన్నీ కుదిర్చి చూపిస్తుంది.

సొంత రాడార్ లేనివారికి మరో దారి ఉంది. ఉంబ్రా, కాపెల్లా వంటి సంస్థలు తమ రాడార్ ఉపగ్రహాల సంకీర్ణ డేటాను కొంత ఉచితంగా ఇస్తున్నాయి. ఆ చిత్రాల్లో నేల చక్కగా ఫోకస్ అవుతుంది, కదిలే ఓడ మాత్రం తన నీటిజాడను వదిలి పక్కకు జరిగి, అలుక్కుపోయి ఉంటుంది. ఆ అలుకును చిన్న ముక్కగా కత్తిరించి, ఉపగ్రహం సాగిన దిశలో విలోమ ఎఫ్‌ఎఫ్‌టీ చేసి తిరిగి డేటాగా మార్చి, అయిదో అడుగు నుంచి మొదలుపెట్టండి.

చిత్రాన్ని భద్రపరిచేటప్పుడు దానితోపాటే రికార్డు మొదలైన సమయం, కిటికీ నిడివి, ఎంచుకున్న క్షణం, ఓడ దిశ, ఫేజ్‌ను సరిచేసిన పద్ధతి, డాప్లర్ ధనాత్మకమంటే మన వైపు రావడమా దూరం పోవడమా అన్నది రాసిపెట్టండి. ఆరు నెలల తర్వాత అదే ఓడ మళ్లీ వచ్చినప్పుడు, తలకిందులుగా ఉన్న చిత్రాన్ని నిటారుగా ఉన్న చిత్రంతో పోల్చవలసి వచ్చినప్పుడు, మీకు మొదట కావలసింది ఆ చివరి వివరమే.